చేపల వేటలో వెంట ఉండవలసిన చిన్న వస్తువులు

చేపల వేటలో వెంట ఉండవలసిన చిన్న వస్తువులు అనగా వల, పడవ, తెడ్డు వంటి ప్రధాన సాధనాలు కాక, సముద్రంలో గాని మడ అడవుల కాలువలలో గాని వేటకు వెళ్ళే మత్స్యకారులు ప్రాణరక్షణకు, దిక్కు తెలుసుకోవడానికి, చిన్న మరమ్మతులకు తమతో ఉంచుకొనే సామగ్రి. మంచినీళ్ళ డబ్బా, టార్చిలైటు, ఈల, చాకు, తాడు, దిక్సూచి, మందుల డబ్బా మొదలైనవి ఈ కోవకు చెందుతాయి. వీటిలో చాలావరకు తక్కువ వెలకు దొరికేవే. అయినా అవసరపు వేళ అవి దగ్గర లేకపోవడం ప్రాణాలమీదికి తెస్తుంది. ఈ వ్యాసంలో ఆంధ్ర ప్రదేశ్‌లోని కోనసీమలో, ముఖ్యంగా ముమ్మిడివరం పరిసర తీర గ్రామాల వేటను దృష్టిలో ఉంచుకొని ఈ వస్తువుల ఉపయోగాలు వివరించబడినవి.

వేట అనే మాట

తెలుగులో "వేట" అనే పదానికి సాధారణార్థం అడవి జంతువులను వెంటాడి పట్టడం. భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం వన్యమృగాల వేట నేరం. అందుచేత విదేశాలలో వలె తుపాకితో రోజుల తరబడి అడవిలో తిరిగే వేట ఇక్కడ న్యాయసమ్మతం కాదు. గోదావరి జిల్లాలలో "వేట మాంసం" అంటే మేక లేక పొట్టేలు మాంసం. సముద్ర తీర గ్రామాలలో మాత్రం "వేటకు వెళ్ళాడు" అంటే చేపలు పట్టడానికి వెళ్ళాడనే అర్థం. ప్రభుత్వ ప్రకటనలలో కనిపించే "వేట నిషేధం" అనే మాట కూడా చేపల వేటకు సంబంధించినదే.

జనావాసాలకు దూరంగా, సహాయం వెంటనే అందని చోట గడపవలసి రావడం అన్ని రకాల వేటలకూ సమానమైన లక్షణం. అమెరికాలోని సియాటిల్ నగరానికి చెందిన "ది మౌంటనీర్స్" అనే పర్వతారోహకుల సంఘం 1930ల నుండి తన శిక్షణలో "పది అత్యవసర వస్తువులు" అనే పట్టికను బోధించినది. ఈ పట్టిక 1974లో ఆ సంఘం వారి పర్వతారోహణ గ్రంథం మూడవ ముద్రణలో అచ్చయినది. పటం, దిక్సూచి, దీపం, అదనపు ఆహారం, అదనపు దుస్తులు, ఎండ నుండి రక్షణ, చాకు, అగ్గిపెట్టె, నిప్పు రాజేసే సాధనం, ప్రథమ చికిత్స సామగ్రి అందులోనివి. కొండలకు ఉద్దేశించిన ఆ పట్టికకూ, సముద్రంపైకి వెళ్ళే వారి అవసరాలకూ పోలిక ఎక్కువ. నీటిపై తేలే సాధనం, ఇతరులకు జాడ తెలిపే సాధనం మాత్రం ఇక్కడ అదనంగా చేర్చవలసినవి.

ప్రాంతం

ముమ్మిడివరం గోదావరి డెల్టాలోని పట్టణం. 2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి జిల్లా నుండి వేరుపడి ఏర్పడిన కోనసీమ జిల్లాలో ఇది ఉన్నది. ఈ జిల్లాకు తరువాత డా. బి. ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. 216వ నంబరు జాతీయ రహదారి ముమ్మిడివరం మీదుగా అమలాపురం, యానాంల మధ్య సాగుతుంది. ఇక్కడికి తూర్పున గౌతమీ గోదావరి తన పాయలతో బంగాళాఖాతంలో కలుస్తుంది. బలుసుతిప్ప, భైరవపాలెం, పల్లం మొదలైనవి ఈ ప్రాంతపు మత్స్యకార గ్రామాలు. మత్స్యకారులలో అగ్నికుల క్షత్రియులు అధిక సంఖ్యలో ఉన్నారు.

వేట ఇక్కడ ముఖ్యంగా రెండు విధాలు. మొదటిది నదీముఖం, అనగా మొగ దాటి సముద్రంలోకి పోయి వలలు వేయడం. రెండవది మడ అడవుల నడుమ కాలువలలో చేపలు, రొయ్యలు, పీతలు పట్టడం. గౌతమికి ఉత్తరాన ఉన్న కోరింగ వన్యప్రాణి అభయారణ్యం 1978లో ఏర్పడినది. దీని వైశాల్యం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అభయారణ్యం పరిధిలో అటవీ శాఖ నియమాలు వర్తిస్తాయి.

మొగ వద్ద నది వేగం, సముద్రపు అలలు ఎదురెదురుగా తలపడతాయి. ఇసుక మేటలు ఏటేటా స్థానం మారుస్తాయి. మడ కాలువలలో పాటు సమయాన నీరు తగ్గి పడవ బురదలో కూరుకుపోతుంది. మళ్ళీ పోటు వచ్చేవరకు కదలదు. అందువలన ఉదయం వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి వచ్చే చిన్న వేట కూడా ఒక్కోసారి రాత్రి వరకు సాగవచ్చును.

1996 నాటి తుఫాను

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణాన తీవ్ర తుఫాను తీరం దాటినది. వెయ్యికి పైగా ప్రజలు మరణించారు. సముద్రంపై వేటలో ఉన్న మత్స్యకారులు పెద్ద సంఖ్యలో గల్లంతయ్యారు. అందరికన్నా ఎక్కువగా నష్టపోయిన గ్రామాలలో భైరవపాలెం, బలుసుతిప్ప ఉన్నాయి. తీరానికి చేరువలో తుఫాను త్వరగా బలపడడం, సముద్రంపై ఉన్నవారికి హెచ్చరిక చేర్చే సాధనాలు లేకపోవడం ఈ నష్టానికి ముఖ్య కారణాలు.

నేడు ఉపగ్రహ సమాచారం, మొబైలు ఫోను, సంకేత పరికరాలు అందుబాటులోకి వచ్చినవి. ఎంత చిన్న వస్తువైనా పెద్ద తుఫానును ఎదిరించలేదు. హెచ్చరిక ఉన్నప్పుడు బయలుదేరకపోవడమే మొదటి రక్ష. అనుకోని చిక్కులలో కొన్ని గంటలు, ఒకటి రెండు రోజులు నిలదొక్కుకోవడానికి ఈ వస్తువులు ఉపకరిస్తాయి.

ఎంపిక సూత్రాలు

వెంట తీసుకువెళ్ళే వస్తువులను ఎంచుకొనడంలో నాలుగు విషయాలు గమనించాలి.

1. తడి తగలకూడదు. వెడల్పు మూతి, మర మూత గల ప్లాస్టిక్కు డబ్బాలో వస్తువులను ఉంచితే పడవ తిరగబడినా డబ్బా తేలుతుంది.
2. కట్టి ఉండాలి. డబ్బాను పొడవైన తాడుతో పడవకు కట్టాలి. చాకు, ఈల మాత్రం డబ్బాలో కాక మనిషి ఒంటిమీదే ఉండాలి.
3. ఒకటికి రెండు ఉండాలి. వెలుతురు, నిప్పు, జాడ తెలిపే సాధనం రెండేసి ఉండడం మంచిది.
4. వాడడం తెలిసి ఉండాలి. పడవలోని ప్రతి ఒక్కరికీ ఏ వస్తువు ఎక్కడ ఉన్నదో, చీకటిలో దానిని ఎలా తీయాలో తెలియాలి.

ముఖ్య వస్తువులు

మంచినీరు, ఆహారం

అన్నిటిలో ప్రధానమైనది మంచినీరు. ఎండలో శ్రమించే మనిషికి రోజుకు 3 నుండి 4 లీటర్ల నీరు కావాలి. ఆ పైన ఒక రోజుకు సరిపడే నీరు వేరే డబ్బాలో మూసి ఉంచి, అవసరం పడేవరకు దానిని తెరవకూడదు. నీరంతా ఒకే డబ్బాలో ఉంటే అది పగిలినప్పుడు మొత్తం పోతుంది.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. మూత్రపిండాలు అంత గాఢత గల మూత్రాన్ని తయారు చేయలేవు. కనుక త్రాగిన ఉప్పును బయటకు పంపడానికి శరీరంలోని నీరే ఖర్చవుతుంది. దాహంతో సముద్రపు నీరు త్రాగినవాడు త్రాగనివానికన్నా ముందే నీరసించి పడిపోవడానికి కారణం ఇదే.

ఆహారంగా చద్దన్నం, ఉల్లిపాయ, పచ్చడి వెంట తీసుకుపోవడం తీర గ్రామాలలో వాడుక. అన్నం ఒక పూటకు మించి నిలవ ఉండదు కనుక అదనంగా అటుకులు, బెల్లం, వేరుశనగలు, బిస్కట్లు పొడి డబ్బాలో ఉంచవచ్చును. నీరు తక్కువగా ఉన్నప్పుడు ఉప్పు చేప వంటివి తినరాదు. అవి దాహాన్ని పెంచుతాయి.

తేలియాడే సాధనాలు

లైఫ్ జాకెట్టు ప్రతి మనిషికీ ఒకటి ఉండాలి. పని చేయడానికి అడ్డమని దానిని పడవ అడుగున పడవేసి ఉంచడం తరచు జరిగే పొరపాటు. కనీసం మొగ దాటేటప్పుడు, రాత్రివేళ, గాలి పెరిగినప్పుడు తొడుగుకొని ఉండాలి. ఇది లేనప్పుడు మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్కు డబ్బాలు, వల బెండ్లు ఆధారంగా పనికివస్తాయి. పడవ తిరగబడినప్పుడు ఒడ్డు కనబడుతున్నా ఈదుకుంటూ పోవడం కన్న పడవనే పట్టుకొని ఉండడం మేలు. నీటిలో తేలే తల కన్న పడవ వెతికేవారికి త్వరగా కనబడుతుంది.

దిక్కు తెలిపేవి

చిన్న దిక్సూచి, వీలైతే జి.పి.ఎస్. పరికరం ఉండాలి. బ్యాటరీ అయిపోయిన పరికరం పనికిరాదు కనుక దిక్సూచిని మానుకోరాదు. దిక్సూచిని ఇంజనుకు, ఇనుప గుండ్లకు, మొబైలు ఫోనుకు దూరంగా పెట్టి చూడాలి. అంతర్వేదికీ కాకినాడకూ మధ్య తీరరేఖ నైరుతి నుండి ఈశాన్యానికి వాలుగా ఉన్నది. అందుచేత కోనసీమ ఎదుట సముద్రంలో దారి తప్పినవారు వాయవ్య దిశగా సాగితే భూమిని చేరుకుంటారు. రాత్రివేళ అంతర్వేది, వాకలపూడి దీపస్తంభాలు గుర్తులుగా ఉపయోగపడతాయి.

ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి ధ్రువ నక్షత్రం ఉత్తర దిక్కును చూపుతుంది. క్షితిజం నుండి ఈ నక్షత్రం ఎత్తు ఆ ప్రదేశపు అక్షాంశానికి ఇంచుమించు సమానం. ముమ్మిడివరం సుమారు 16.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. చేయి చాచి పట్టిన పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. కాబట్టి ఇక్కడ ఉత్తరాన క్షితిజానికి ఒకటిన్నర పిడికిళ్ళకు కాస్త పైన ధ్రువ నక్షత్రం కనిపిస్తుంది. ఇంత తక్కువ ఎత్తులో ఉండడం వలన కొద్దిపాటి మబ్బుకే అది మరుగుపడుతుంది.

పంచాంగం లేదా క్యాలెండరు కూడా ఉపయోగకరమే. అమావాస్య, పౌర్ణమి తిథుల సమీపంలో పోటు ఎక్కువగాను, అష్టమి పరిసరాలలో తక్కువగాను ఉంటుంది. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. పోటు సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. మడ కాలువలలోకి వెళ్ళేవారు ఈ లెక్క చూసుకొనే బయలుదేరాలి.

వెలుతురు, నిప్పు, సంకేతాలు

- టార్చిలైటు: నీరు చొరనిది రెండు ఉండాలి. విడి బ్యాటరీలు పొడి సంచిలో ఉంచాలి. పెద్ద పడవలు తిరిగే దారిలో రాత్రి దీపం లేని చిన్న పడవ ఢీకొనబడే ప్రమాదం ఉన్నది.
- అగ్గిపెట్టె, లైటరు: అగ్గిపుల్లల తలలను కరిగిన కొవ్వొత్తి మైనంలో ముంచి ఆరబెడితే చెమ్మకు చెడవు.
- ఈల: మెడలో వేసుకొనే ప్లాస్టిక్కు ఈల. అరుపు కన్న ఈల శబ్దం దూరం పోతుంది. గొంతు అలసిపోదు.
- చేతి అద్దం: సూర్యకాంతిని పడవ వైపు, విమానం వైపు మరలించి జాడ తెలుపవచ్చును.
- నారింజ రంగు గుడ్డ: నీలి నీటిపై ఈ రంగు దూరానికి కనిపిస్తుంది.
- ఎర్ర మంటల కడ్డీ: దీనిని గాలివాటుగా, పడవ బయటికి చాచి పట్టుకోవాలి. ఎవరైనా కనిపించినప్పుడే వెలిగించాలి.

ఏ వస్తువూ లేనప్పుడు రెండు చేతులను ఇరుప్రక్కలా చాచి నెమ్మదిగా పైకెత్తి దించడం అంతర్జాతీయ నౌకాయాన నియమాలలో ఆమోదం పొందిన ఆపద సంకేతం.

వార్తా సాధనాలు

మొబైలు ఫోను తీరం నుండి కొంత దూరం వరకే పని చేస్తుంది. దానిని నీరు చొరని సంచిలో, నిండుగా ఛార్జి చేసి ఉంచాలి. తీర రక్షక దళం సహాయ నంబరు 1554, తీర భద్రతా పోలీసులది 1093, సాధారణ అత్యవసర నంబరు 112. వి.హెచ్.ఎఫ్. రేడియో ఉన్న పడవలు ఆపద పిలుపునకు 16వ ఛానలును వాడతాయి.

చిన్న రేడియో ఇప్పటికీ విడువరానిది. ఆకాశవాణి మత్స్యకారులకు వాతావరణ హెచ్చరికలను ప్రసారం చేస్తుంది. దీనికి ఫోను సిగ్నలు అవసరం లేదు. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) 1999లో స్థాపించబడినది. చేపలు దొరికే ప్రాంతాల సూచనలను, అలల ఎత్తు, గాలి వేగాల ముందస్తు అంచనాలను ఈ సంస్థ వెలువరిస్తుంది. ఫోను సిగ్నలు అందని లోతు సముద్రంలోకి ఈ సమాచారాన్ని ఉపగ్రహం ద్వారా చేరవేసే "జెమిని" పరికరం 2019లో విడుదలైనది. అయితే ఇది వార్తను అందుకొనగలదే గాని తిరిగి పంపలేదు.

ఆపదలో ఉన్నట్లు తెలిపేందుకు భారత అంతరిక్ష పరిశోధనా సంస్థ రూపొందించిన ఆపద హెచ్చరిక ప్రసారిణి 2010 నుండి వాడుకలో ఉన్నది. మీట నొక్కగానే పడవ ఉన్న స్థానం ఉపగ్రహం ద్వారా తీర రక్షక దళ కేంద్రాలకు చేరుతుంది. 2024 జనవరిలో దీని రెండవ తరం పరికరం వచ్చినది. పంపిన సందేశం చేరినట్లు తిరుగు సమాచారం కూడా ఇందులో వస్తుంది. ఎవరో విన్నారన్న సంగతి తెలియడం ఆపదలో ఉన్నవారికి గొప్ప ధైర్యం.

పనిముట్లు

- చాకు: వల కాలికి గాని ఇంజను పంకాకు గాని చుట్టుకొన్నప్పుడు క్షణాలలో కోయవలసి వస్తుంది. నడుముకు ఒరలో కట్టుకోవాలి. ఉప్పు నీటికి తుప్పు పట్టకుండా వేట ముగిశాక మంచినీటితో కడిగి నూనె రాయాలి.
- తాడు: సుమారు 15 నుండి 20 మీటర్ల విడి తాడు లాగడానికి, కట్టడానికి, మునుగుతున్నవారికి విసరడానికి పనికివస్తుంది. చివర ఖాళీ సీసా కడితే తాడు తేలుతుంది.
- నీరు తోడే డబ్బా: తాడుతో పడవకు కట్టి ఉండాలి.
- వల కుట్టే సూది, దారం: వలకే గాక తెరచాపకు, టార్పాలినుకు కూడా ఉపయోగం.
- ఇంజను సామాను: పెట్రోలుతో నడిచే ఇంజనైతే విడి ప్లగ్గు, దానిని విప్పే స్పానరు, స్టార్టు చేసే తాడు. డీజిలు ఇంజనైతే విడి బెల్టు, ఇంధన గొట్టం, బిగింపు క్లిప్పులు.
- చిన్న లంగరు: ఇంజను ఆగినప్పుడు పడవ గాలికి కొట్టుకుపోకుండా నిలుపుతుంది.
- విడి తెడ్డు: ఇంజనున్న పడవలో కూడా ఉండాలి. మడ బురదలో కూరుకుపోయినవారు దానిని అడ్డంగా పరచి బరువు మోపి బయటపడవచ్చును.

ఎండ, వాన, చలి నుండి రక్షణ

టార్పాలిను ఎండకు గొడుగుగాను, వానకు కప్పుగాను, చినుకు నీటిని పట్టే దోనెగాను పనికివస్తుంది. తలగుడ్డ లేక టోపీ, పొడవు చేతుల చొక్కా వడదెబ్బ నుండి కాపాడతాయి. పొడి దుప్పటి ఒకటి ప్లాస్టిక్కు సంచిలో ఉంచాలి. నీరు గాలి కన్న సుమారు 25 రెట్లు త్వరగా శరీరపు వేడిని లాగివేస్తుంది. అందుచేత మన వెచ్చని సముద్రంలో కూడా గంటల తరబడి తడిసి ఉన్నవారు చలికి వణకి స్పృహ కోల్పోవచ్చును.

మందుల డబ్బా

శుభ్రమైన గుడ్డ, దూది, కట్టు పట్టీలు, క్రిమి సంహారక ద్రావణం, జ్వరం, నొప్పి మాత్రలు, దోమల నివారణ పూత, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఇందులో ఉండాలి. పొట్లం లేనప్పుడు లీటరు మంచినీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి వాడవచ్చును. కొలత టీ చెంచాతో, తలకొట్టి చూసుకోవాలి.

టేకు చేప తోకముల్లు, జెల్ల చేప ముల్లు గుచ్చుకొన్నప్పుడు విపరీతమైన నొప్పి కలుగుతుంది. గాయాన్ని కడిగి, ఓర్చుకొనగలిగినంత వేడి నీటిలో అరగంట నుండి గంటన్నర వరకు ఉంచితే నొప్పి తగ్గుతుంది. చర్మం కాలకుండా నీటి వేడిని ముందు మరొకరు చేతితో చూడాలి. ఛాతీ, పొట్ట భాగాలలో గుచ్చుకొన్న ముల్లును పెరికివేయక వైద్యుని వద్దకు చేర్చాలి.

సముద్రపు పాములు విషసర్పాలు. వలలో చేపలతోపాటు అవి కూడా పడతాయి. వాటి కాటు నొప్పి లేకుండా ఉండవచ్చును కనుక నిర్లక్ష్యం చేయరాదు. కాటును కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు బిగించడం హానికరం. కరిచిన అవయవాన్ని కదలకుండా కట్టి ఆసుపత్రికి తరలించాలి. మన దేశంలో సాధారణంగా వాడే విషం విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర కాట్లకు తయారైనది. సముద్రపు పాము విషానికి అది పని చేయదు. కనుక శ్వాసకు ఆధారం ఇవ్వగల పెద్ద ఆసుపత్రికే తీసుకుపోవాలి.

గుర్తింపు పత్రాలు

పడవ నమోదు పత్రం, లైసెన్సు, మత్స్యకారుని గుర్తింపు కార్డు ప్లాస్టిక్కు కవరులో ఉంచాలి. 2008లో ముంబయిపై జరిగిన దాడి తరువాత సముద్రంపై తనిఖీలు పెరిగినవి. దారి తప్పి వేరొక తీరానికి చేరినప్పుడు ఈ కార్డే ఆధారం.

ఒడ్డున వదలవలసిన సమాచారం

పడవలో పెట్టవలసినది కాకపోయినా ఇది అన్నిటికన్న విలువైనది. ఎవరెవరు వెళ్తున్నారు, ఏ వైపు, ఎన్ని రోజులకు తిరిగి వస్తారు, ఎంత నీరు, ఎంత ఇంధనం ఉన్నది అనే వివరాలు ఒక కాగితంపై వ్రాసి ఇంటివద్ద ఇచ్చి వెళ్ళాలి. చెప్పిన సమయానికి రాకపోతే ఎవరికి ఫోను చేయాలో కూడా వ్రాయాలి. ఎక్కడ వెతకాలో తెలియకపోతే ఎంత పెద్ద గాలింపు బృందమైనా నిస్సహాయమే. చదువుకుంటున్న పిల్లలు ఉన్న ఇంట ఈ కాగితం వ్రాసే పని వారికి అప్పగించవచ్చును.

బయలుదేరే ముందు రేవు హెచ్చరిక గుర్తులను గమనించాలి. ఓడరేవులలో 1 నుండి 11 వరకు సంఖ్యలతో ఇవి ఎగురవేయబడతాయి. 1, 2 దూరాన వాయుగుండం లేక తుఫాను ఉన్నట్లు, 3, 4 స్థానిక హెచ్చరికగా, 5 నుండి 7 వరకు ప్రమాదాన్ని, 8 నుండి 10 వరకు మహా ప్రమాదాన్ని సూచిస్తాయి. 11 వార్తా సంబంధాలు తెగిపోయినట్లు తెలుపుతుంది.

వెంట తీసుకుపోరానివి

- పేలుడు పదార్థాలు, విషపు మందులు: వీటితో చేపలు పట్టడం చట్టరీత్యా నేరం. మనుషులకూ ప్రమాదం.
- మద్యం: ఇది శరీరంలోని నీటిని, వేడిని తగ్గిస్తుంది. నిర్ణయ శక్తిని దెబ్బతీస్తుంది.
- మూత సరిగా లేని ఇంధన డబ్బాలు: పొయ్యి, అగ్గిపెట్టెల దగ్గర ఉంచితే మంటలు లేస్తాయి.

వలలో తాబేలు పడితే దానిని ప్రాణంతో వదలివేయాలి. ఈ తీరంలో గ్రుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళకు 1972 చట్టం పూర్తి రక్షణ కల్పించినది.

వేట నిషేధ కాలం, సామాను మరమ్మతు

తూర్పు తీరంలో చేపలు సంతానోత్పత్తి చేసే కాలంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేటను నిషేధిస్తారు. 2015కు ముందు ఈ గడువు 47 రోజులు. రాష్ట్రంలో ఈ విషయాలకు ఆధారమైనది ఆంధ్ర ప్రదేశ్ సముద్ర చేపల వేట క్రమబద్ధీకరణ చట్టం, 1994. వలలు, పడవలు బాగుచేసుకొనే ఈ రోజులలోనే చిన్న వస్తువులను కూడా సరిచూసుకోవడం మంచిది. గడువు తీరిన మందులు, మంటల కడ్డీలు మార్చాలి. టార్చి బ్యాటరీలు తీసివేయాలి. లైఫ్ జాకెట్టు కుట్లు, పట్టీలు లాగి చూడాలి. నీళ్ళ డబ్బాలను కడిగి ఎండబెట్టాలి.

ప్రయాణానికి ముందు సరిచూసుకొనవలసిన పట్టిక

- ఒంటిమీద: లైఫ్ జాకెట్టు, ఈల, చాకు, తలగుడ్డ
- డబ్బాలో: టార్చిలైట్లు, బ్యాటరీలు, అగ్గిపెట్టె, అద్దం, దిక్సూచి, మందులు, పత్రాలు, ఫోను, రేడియో, పొడి ఆహారం
- పడవలో: రెండు డబ్బాల నీరు, తాడు, విడి తెడ్డు, లంగరు, నీరు తోడే డబ్బా, టార్పాలిను, ఇంజను సామాను
- ఇంటివద్ద: వెళ్ళే చోటు, తిరిగి వచ్చే సమయం వ్రాసిన కాగితం

ఇవి కూడా చూడండి

- ముమ్మిడివరం
- కోనసీమ
- గౌతమీ గోదావరి
- కోరింగ వన్యప్రాణి అభయారణ్యం
- మడ అడవులు
- తుఫాను
- ప్రథమ చికిత్స